కృష్ణాపత్రిక: బందరు వారపత్రిక చరిత్ర, దాని డిజిటల్ పరిరక్షణ

కృష్ణాపత్రిక 1902 ఫిబ్రవరి 2న మచిలీపట్నంలో పుట్టిన తెలుగు పత్రిక. ఆ ప్రాంతం వాళ్లకు ఆ ఊరు బందరు. ఇక్కడా ఆ పేరే ఎక్కువగా వాడుతున్నాం. అక్కడ వకీలుగా ఉన్న కొండా వెంకటప్పయ్య, ఆయన మిత్రుడు దాసు నారాయణరావు కలిసి పత్రికను మొదలుపెట్టారు. మొదట పక్షానికొకసారి వచ్చేది, తర్వాత వారపత్రిక అయింది. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకుడు. తెలుగు పత్రికల చరిత్ర రాసినవారెవరూ దీన్ని విడిచిపెట్టలేదు కాబట్టి పేరుకు లోటు లేదు. లోటంతా పత్రికకే. దాని పేరు విన్నవాళ్లు వేలల్లో ఉంటారు. ఒక్క సంచికనైనా మొదటి పుట నుంచి చివరి పుటదాకా చదివినవాళ్లు ఏ కొద్దిమందో. ఈ పత్రికను ఉదాహరణగా తీసుకుని ఇక్కడ చెప్పదలచినది ఒక్కటే. చిన్న ఊరి పత్రికలోంచి ఎవరో ఒకరు ఏరిపెట్టిన ముక్కలే ఇంతకాలం మనకు అందుతూ వచ్చాయి. పుటలను బొమ్మలు తీసి దాచే సాధనాలు వచ్చాక ఆ ఏరివేత ఆగిపోవలసింది. ఆగలేదు; మరో రూపంలో, ఈసారి ఎవరి ఉద్దేశమూ లేకుండానే, కొనసాగుతోంది.

పత్రిక ఏ ఊళ్లో పుట్టిందో చూస్తేనే అది ఎవరి కోసం మాట్లాడిందో తెలుస్తుంది. ఇంగ్లీషు వర్తకులు 1611లోనే వచ్చి స్థావరం వేసుకున్న రేవు బందరు. 1864 నవంబరు తుపానులో ఉప్పెన ఊరిని ముంచెత్తింది. దాదాపు 30,000 మంది చనిపోయారని లెక్క కట్టారు. పెద్ద ఓడలు ఒడ్డుకు చేరలేని తీరం కావడం, సరుకు వ్యాపారం మద్రాసు వైపు మళ్లిపోవడం వల్ల 19వ శతాబ్ది ముగిసేసరికి రేవుగా ఆ ఊరి వైభవం బాగా తగ్గింది. మిగిలినవి జిల్లా కచేరీ, కోర్టులు, రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన విద్యాసంస్థ. మరోవైపు బెజవాడ దగ్గర 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట వల్ల డెల్టా గ్రామాల్లో కాలువలు పారి, వరి పండించే రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. కొడుకును బందరులో ఉంచి చదివించే స్తోమత వచ్చింది. వకీళ్లు, బడిపంతుళ్లు, గుమాస్తాలు, చదువుకున్న కొడుకుతో పత్రిక చదివించుకుని వినే రైతులు: కృష్ణాపత్రికకు తొలి చందాదారులు ఇలాంటి వర్గాలవాళ్లే. 1904లో గుంటూరు జిల్లా విడిగా ఏర్పడ్డాక వెంకటప్పయ్య తన వకాల్తా పనిని గుంటూరుకు మార్చుకున్నారు. జిల్లా సరిహద్దు మారితే పత్రిక నడిపే చేతులు మారడం చిన్న ఊళ్లలోనే కనిపిస్తుంది.

ఆ చేతులు కృష్ణారావువి. ఆయన 1879లో దివి ప్రాంతంలోని ముట్నూరులో పుట్టారు. నోబుల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడు శిష్యరికం చేశారు. జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ 1907లో ఆంధ్ర ప్రాంతంలో చేసిన పర్యటనలో వెంట తిరిగారు. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యలతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ప్రత్యేకాంధ్ర వాదానికి ఈ పత్రిక గట్టి అండ. పట్టాభి 1919లో అదే ఊరి నుంచి జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. రేవుగా వెనకబడిన ఊరు ఇరవై ఏళ్లలో కళాశాలను, బ్యాంకును, రెండు వారపత్రికలను నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు. సాయంత్రాలు కృష్ణారావు చుట్టూ చేరే గోష్ఠిని కృష్ణాపత్రిక దర్బారు అనేవారు. సాహిత్యం, సంగీతం, వేదాంతం, రాజకీయం అన్నీ అక్కడ నలిగేవి. రావూరు వెంకట సత్యనారాయణరావు రాసిన వడగళ్లు శీర్షికకు అభిమానులైన పాఠకులుండేవారు. కృష్ణారావు తర్వాత పత్రిక చేతులు మారుతూ వచ్చి, హైదరాబాదు చేరి, దినపత్రిక అయింది. అయితే చరిత్రలో కృష్ణాపత్రిక అన్నప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఆ బందరు వారపత్రికే. ఈ వ్యాసం పట్టించుకునేదీ దాన్నే.

దాన్నుంచి మొదట ఏరినవాళ్లు పాలకులు. బ్రిటిష్ ప్రభుత్వం దేశభాషా పత్రికలను చదివించి, తనకు కావలసిన భాగాలను ఇంగ్లీషులోకి సంగ్రహంగా అనువదింపజేసేది. మద్రాసు రాజధానిలో ప్రభుత్వ అనువాదకుల కార్యాలయం తయారుచేసిన ఈ రహస్య నివేదికలు ఈనాటికీ చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోను, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నాయి. అసలు సంచికలు పోయిన పత్రికల విషయంలో పరిశోధకులకు చాలాసార్లు ఇవే దిక్కు. ఆ అనువాదకుల పని అబద్ధం ఆడడం కాదు. వాళ్లలో భాష బాగా వచ్చినవాళ్లున్నారు. చిక్కు వాళ్లు వెతికిన దానిలో ఉంది. బెజవాడ నుంచి వచ్చే స్వరాజ్య పత్రికలో రాసిన రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో జైలుకు వెళ్లారు. 1910 ప్రెస్ చట్టం పత్రికల దగ్గర ధరావతు గుంజే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అలాంటి రోజుల్లో రాజద్రోహం వాసన వచ్చే వాక్యం కోసం చదివేవాడి కన్ను, కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో అడుగుతూ ఓ రైతు రాసిన ఉత్తరం మీద నిలవదు. అందువల్ల ఆ నివేదికల మీదే ఆధారపడి చరిత్ర రాస్తే తెలుగు పత్రికలన్నీ వారమంతా ప్రభుత్వాన్ని గురించే మాట్లాడుకున్నట్లు కనిపిస్తాయి. అది పత్రిక ముఖం కాదు, దాన్ని అనుమానంతో చూసినవాడి కంటికి కనిపించిన ముఖం.

రెండోసారి ఏరినవాళ్లు అభిమానులు. కృష్ణారావు సంపాదకీయాలు, వ్యాసాలు సమీక్ష, లోవెలుగులు అన్న పుస్తకాల్లో చేరాయి. ఆ సంపుటాలు లేకపోతే ఆ వచనపు గాంభీర్యం తర్వాతి తరాలకు తెలిసేదే కాదు. ఆ పని చేసినవాళ్ల రుణం పెద్దది. అయినా సంపుటిలో చేరిన సంపాదకీయం పక్కన ఆ వారం ఏ వార్త ఉందో, కింద ఏ ప్రకటన ఉందో, ఎదురు పుటలో ఏ ఊరి ఉత్తరం అచ్చయిందో పుస్తకంలో ఉండదు. వార్తకు స్పందనగా పుట్టిన రాత వార్త నుంచి విడిపడి, కాలంతో పని లేని వ్యాసంగా మారుతుంది. వారం వారం గడువు మీద రాసిన సంపాదకుడు తాపీగా కూర్చుని రాసిన గ్రంథకర్తగా కనిపిస్తాడు. పాలకుడి ఏరివేతలో పత్రిక ఒక నేరస్థురాలు అయితే, అభిమాని ఏరివేతలో ఒక ఋషి. రెండు చోట్లా బందరు లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. మంచివన్నీ పుస్తకాలకెక్కాయి, మిగిలింది ధరల పట్టికలు, వేలం నోటీసులు, మందుల ప్రకటనలు, ఊళ్ల తగాదాలు. వాటికోసం ఇంత శ్రమ, డబ్బు ఎందుకన్నది ఆ ఆక్షేపణ. చరిత్రకారుడి ప్రశ్నలు మారుతూ ఉంటాయన్నదే దీనికి సమాధానం. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఒక చిన్న మునిసిపాలిటీ ఏం చేసింది, బడులు ఎన్నాళ్లు మూశారు, ఏ మందులు అమ్మారు అన్న ప్రశ్న యాభై ఏళ్ల కిందట ఎవరూ పెద్దగా అడగలేదు. 2020 తర్వాత అందరూ అడిగారు. 1929 ప్రాంతంలో డెల్టాలో శిస్తు పెంపు మీద రేగిన ఆందోళనను అర్థం చేసుకోవాలంటే నాయకుల ఉపన్యాసాలు చాలవు. వడ్ల ధర ఏ నెలలో ఎంత పడిపోయిందో కావాలి. ఆ సంగతి జిల్లా పత్రికలో చివరి పుటలోనే దొరుకుతుంది. ఆడపిల్లల బడికి పంతులమ్మ కావాలన్న ప్రకటన ఎప్పుడు మొదలైంది, జీతం ఎంత ఇస్తామన్నారు, ఎవరు అర్హులన్నారు అన్నవి వరసగా పెట్టి చూస్తే, సంస్కరణ గురించి రాసిన వంద వ్యాసాలకన్నా ఎక్కువ తెలుస్తుంది. ప్రకటనల్లో బూటకపు వైద్యాలుంటాయి, వార్తల్లో కులగర్వం, పుకార్లు ఉంటాయి. నిజమే. అవి కూడా ఆ ఊరి సాక్ష్యాలే. వాటిని తీసేసి అందంగా మిగిల్చిన గతాన్ని నమ్మి మోసపోయేది మనమే.

మిగతా తెలుగు ప్రాంతాల అనుభవం చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. నిజాం రాజ్యంలో 1922లో రెండు తెలుగు పత్రికలు వచ్చాయి. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి నడిపారు. వరంగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు తెనుగు పత్రికను తెచ్చారు. ఒక పల్లెటూళ్లో అచ్చుయంత్రం పెట్టి, అక్షరాలు కూర్చి, వారం వారం టపాకు వేయడం ఎంత సాహసమో చెప్పనక్కర్లేదు. ఆ రెండు పత్రికల పేర్లు ప్రతి చరిత్ర పుస్తకంలోనూ ఉన్నాయి. వాటి సంచికలు చేతికందేవి మాత్రం చాలా తక్కువ. 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి పెట్టిన గోలకొండ పత్రిక నగరంలో పుట్టింది, దానికి గ్రంథాలయాల అండ దొరికింది, కాబట్టి ఎక్కువ నిలిచింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి 1934లో 350 మందికి పైగా కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. లేరన్న మాటకు విరుగుడు అచ్చులో ఉన్న సాక్ష్యమే అని ఆయనకు బాగా తెలుసు. దక్షిణ కోస్తాలోని నెల్లూరులో 1930 నుంచి జమీన్ రైతు వారపత్రిక జమీందారీ రైతుల పక్షాన నిలిచి, తరాలు మారినా ఆగకుండా వచ్చింది. ఒకే ఊరు, ఒకే పేరు, తెగని వరస: సంచికలు నిలవడానికి ఇంతకన్నా మంచి పరిస్థితి ఉండదు. పత్రిక ఆగిపోతే, ఊరు మారితే, వారసులు వేరే బతుకుతెరువు చూసుకుంటే పాత సంచికల కట్టలకు దిక్కెవరు? చాలా ఊళ్లలో ఆ ప్రశ్నకు చిత్తు కాగితాల వ్యాపారే సమాధానమయ్యాడు.

కాగితం సంగతి వేరే చెప్పుకోవాలి. వార్తాపత్రికల కాగితం కొయ్యను నూరిన గుజ్జుతో చేస్తారు. అందులో మిగిలిపోయే లిగ్నిన్ వెలుతురుకు, గాలికి పసుపెక్కుతుంది. కాగితంలో చేరిన ఆమ్లం పోగులను తెంపుతుంది. యాభై అరవై ఏళ్లకు మడత మీద విరుగుతుంది, ముట్టుకుంటే అంచు రాలుతుంది. బందరు వంటి సముద్రతీరపు ఊళ్లో ఉక్క, ఉప్పుగాలి, చెద, వెండిచేప పురుగు, ఏటా పొంచి ఉండే తుపాను ఆ పనిని తొందరపెడతాయి. ఇన్నిటిని తట్టుకుని కొన్ని సంపుటాలు మిగిలాయంటే దానికి కారణం గ్రంథాలయాలు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను బైండు చేయించి దాచడంలో పేరు తెచ్చుకుంది. పరిశోధకులు దూరప్రాంతాల నుంచి ఆ చిన్న ఊరికి వెళ్లి రోజుల తరబడి ఉండి చదివి వచ్చేవారు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, తర్వాతి కాలంలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఆ బాధ్యతను తలా కొంత మోశాయి. చిన్న ఊరి పత్రికను చిన్న ఊరి గ్రంథాలయమే కాపాడిన సందర్భాలు మనకు చాలా ఉన్నాయి. డిజిటల్ పథకాల గురించి మాట్లాడేటప్పుడు ఆ గ్రంథాలయాల పేర్లు తరచుగా మరుగున పడుతున్నాయి.

కంప్యూటర్ యుగంలో రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన శాస్త్రవేత్త రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకంతో ముడిపడి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2000 తర్వాతి సంవత్సరాల్లో వేలకొద్దీ తెలుగు పుస్తకాలను, పత్రికలను స్కాన్ చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల మీదే దృష్టి పెట్టి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటివాటిని పుటల బొమ్మలుగా జనానికి అందించింది. అంతకుముందు వేటపాలెం దాకా వెళ్తే తప్ప చూడలేని పుటను ఇవాళ డల్లాస్‌లో ఉన్న తెలుగు పరిశోధకురాలు ఇంట్లో కూర్చుని తెరవగలదు. ఇది చిన్న మేలు కాదు. కానీ ఏరివేత మూడోసారి జరిగేది ఇక్కడే. పుట బొమ్మగా ఉంటే ఏ తేదీ కావాలో ముందే తెలిసినవాడికే అది పనికొస్తుంది. గొప్ప సంఘటనల తేదీలు అందరికీ తెలుసు. వాటి పుటలే మళ్లీ మళ్లీ తెరుచుకుంటాయి. ధర పడిపోయిన వారం, బడి మూసిన వారం, వంతెన కోసం అర్జీ పెట్టుకున్న వారం ఎవరికీ తెలియవు. అవి ఉన్నాయి, కానీ వెతికేవాడికి దొరకవు. బీరువా తాళం తీశాం; లోపలి కట్టలు ఇంకా విప్పలేదు.

వివరాల నమోదులో ఏమరుపాటు ఈ స్థితిని ఇంకా దిగజారుస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా జాబితాల్లో తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్లు రాశారు. ఒకే పుస్తకం నాలుగు రకాల వర్ణక్రమాలతో కనిపిస్తుంది. పత్రికలకు ఇంకో చిక్కుంది. ఆనాటి అచ్చులో తెలుగు సంవత్సరం పేరు వాడుక ఎక్కువ. కృష్ణాపత్రిక పుట్టింది ప్లవ సంవత్సరంలో. అరవై ఏళ్లకు, 1961 ఉగాదినుంచి, మళ్లీ ప్లవ వచ్చింది. మొదటి పుట చినిగిపోయిన సంచికను ఏ ప్లవలో చేర్చాలో తెలియాలంటే నమోదు చేసేవాడికి టైపింగు వస్తే చాలదు. తిథి వారాలు సరిచూసుకోగలగాలి, అచ్చు అక్షరాల తీరు గుర్తుపట్టగలగాలి, లోపలి వార్త ఏ కాలానిదో చెప్పగలగాలి. ఈ పనికి గంటల లెక్కన కూలి కట్టి, రోజుకు ఇన్ని వేల పుటలు అని లక్ష్యం పెడితే తప్పులు రాక ఏమవుతాయి?

పుటను వెతకదగిన పాఠంగా మార్చే సాధనం ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో దృష్టి అనే తెలుగు ఓసీఆర్ మీద పని జరిగింది. టెసెరాక్ట్ వంటి ఉచిత సాధనాలు ఇవాళ తెలుగును చదువుతున్నాయి. కొత్త పుస్తకాన్ని బాగానే చదువుతాయి. నూరేళ్ల కిందటి సీసపు అక్షరాల దగ్గర తడబడతాయి. ద, ధ, థల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. అరిగిన టైపులో గీత పడదు, పలచటి కాగితంలో వెనక పుట సిరా చుక్కలా కనబడుతుంది. అరసున్న, బండిర వంటివి ఇప్పటి పాఠాలతో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌కు కొత్త. ఒత్తులు కింది వరసలోకి దిగి మరో అక్షరానికి తగులుకుంటాయి.

అక్షరం సరిగ్గా చదివినా పని అయిపోదు, ఎందుకంటే తెలుగు వాక్యంలో మాట ఒంటరిగా నిలబడదు. ఆ కాలపు గ్రాంథిక వచనంలో ద్రుతం తర్వాత వచ్చే పరుషం సరళమవుతుంది. బందరునఁ గలెక్టరు అని అచ్చయి ఉంటే, కలెక్టరు అని వెతికేవాడికి అది తగలదు. సంధి కలిసిన చోట రెండు మాటలు ఒకటైపోయి రెండో మాట మొదటి అక్షరం మాయమవుతుంది. ఊళ్ల పేర్లే తీసుకోండి. బందరు, మచిలీబందరు, మచిలీపట్టణము ఒకటే. బెజవాడ, విజయవాడ ఒకటే. చెన్నపట్టణము, చెన్నపురి, మద్రాసు ఒకటే. ఇంగ్లీషు పత్రికల కోసం తయారైన వెతుకులాట పద్ధతిని తెచ్చి ఇక్కడ పెడితే, ఉన్నదాన్ని లేదని చెబుతుంది. లేదని కంప్యూటరు చెప్పిన మాటను జనం నమ్ముతారు. పుస్తకంలో కనపడకపోతే ఇంకో పుస్తకం చూస్తారు గానీ, వెతికే పెట్టె సున్నా చూపిస్తే అక్కడితో ఆగిపోతారు. కాబట్టి తెలుగు పత్రికల పరిరక్షణ అంటే సగం తెలుగు వ్యాకరణం పని. సరళాదేశాన్ని విప్పి చూసే, పాత కొత్త పేర్లను కలిపి చూసే సూచిక కావాలి. ఇది సాధ్యం కానిదేమీ కాదు. సంధి నియమాలు వ్యాకరణకర్త చిన్నయసూరి నాటికే క్రమంగా రాసి ఉన్నాయి. వ్యాకరణం తెలిసినవాళ్లను, ప్రోగ్రాములు రాసేవాళ్లను ఒకచోట కూర్చోబెట్టవలసిన పని ఇది.

దీనికి రెండో ఆక్షేపణ, సాంకేతిక నిపుణుల నుంచి వచ్చేది. యంత్రాలు ఏడాదికేడాది మెరుగవుతున్నాయి, ఇవాళ బొమ్మలు తీసి పెట్టుకుంటే రేపు అవే చదువుకుంటాయి, తొందరేముందని వాళ్లంటారు. సగం వరకు ఇది ఒప్పుకోదగ్గదే. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు విరిగిపోతున్న కాగితాన్ని ముందు బొమ్మగా తీయడమే న్యాయం, పాఠం తర్వాత చూసుకోవచ్చు. మిగతా సగం దగ్గర తేడా ఉంది. రేపటి యంత్రం చదవవలసింది ఇవాళ తీసిన బొమ్మనే. జాగా కలిసి వస్తుందని నలుపు తెలుపు రెండే రంగుల్లో స్కాన్ చేసిన పుటలో, పసుపెక్కిన కాగితానికి, వెలిసిన సిరాకు మధ్య ఉన్న సన్నని తేడా పోతుంది. అరసున్న మరకతో కలిసిపోతుంది. బైండింగు మడతలో ఇరుక్కున్న అక్షరాలు అసలే రావు. అంచు కత్తిరిస్తే అంచు మీది తేదీ పోతుంది. పోయినదాన్ని ఏ తెలివైన యంత్రమూ తిరిగి తేలేదు. తెచ్చినట్లు కనిపిస్తే అది ఊహించి నింపినది, అది ఇంకా ప్రమాదం. పూర్తి రంగుల్లో, తగిన స్పష్టతతో, పుట అంచులతో సహా తీసిన అసలు ఫైలు ఒకటి విడిగా భద్రపరిచి, జనానికి చిన్న ఫైలు ఇవ్వడం ఖర్చుతో కూడిన పనే. రెండోసారి స్కాన్ చేయడానికి కాగితం మిగలదన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ ఖర్చు ఎక్కువ కాదు.

కాగితం మాట వచ్చింది కాబట్టి మరో అలవాటు గురించి చెప్పాలి. స్కాన్ అయింది కదా అని అసలు సంపుటాలను వదిలించుకోవడం. అమెరికాలో మైక్రోఫిల్ము వచ్చాక గ్రంథాలయాలు చేసిన పని ఇదే. రచయిత నికల్సన్ బేకర్ 2001లో డబుల్ ఫోల్డ్ అనే పుస్తకంలో దాని మీద తీవ్రంగా విరుచుకుపడ్డాడు. బ్రిటిష్ లైబ్రరీ అమ్మకానికి పెట్టిన అమెరికా పత్రికల సంపుటాలను అంతకుముందే తనే కొని దాచాడు. 2004లో అవి డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఫిల్ములో పుటలు తప్పిపోయాయని, రంగుల బొమ్మలు మసకబారాయని తర్వాత తెలిసినా, చాలాచోట్ల సరిచూసుకోవడానికి కాగితం మిగల్లేదు. జాగా లేదు, చెదలు పడుతున్నాయి, మిగతా పుస్తకాలకూ పాకుతాయి అని మన గ్రంథపాలకులు చెప్పేవి కల్లబొల్లి మాటలు కావు. ఒక్కో గ్రంథాలయం ప్రతి పత్రికనూ దాచనక్కర్లేదు. కృష్ణాపత్రిక అసలు సంపుటాలు తెలుగు రాష్ట్రాల్లో కనీసం రెండు చోట్ల, వాటిలో ఒకటి సముద్రానికి దూరంగా ఉంటే చాలు. ఏ సంపుటం ఎక్కడుందో అందరికీ తెలియాలి.

ఫైళ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు కొన్నేళ్లకు జనానికి అందకుండా పోయింది. అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంకా చదవగలుగుతున్నామంటే, వాటి నకళ్లు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరడం వల్ల. ప్రభుత్వ సంస్థ పేరు మారుతుంది, రాష్ట్రం రెండవుతుంది, సర్వరు ఒప్పందం ముగుస్తుంది. తెలుగు పత్రికల ఫైళ్లు రెండు రాష్ట్రాల సంస్థల దగ్గర, ఒక విశ్వవిద్యాలయంలో, దేశం బయట ఒకచోట ఉండడం అనవసరపు ఖర్చు అనుకోరాదు. కాపీహక్కు అడ్డమొస్తుందని కొందరి భయం. 1957 చట్టం ప్రకారం రచయిత మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లకు హక్కు ముగుస్తుంది, కాబట్టి కృష్ణారావు రాతలు 2005 ముగిసేసరికి అందరివీ అయ్యాయి. రచయిత ఎవరో తెలియని వార్తలకు, ఉత్తరాలకు అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్లే లెక్క. పేరు పెట్టి రాసి తర్వాత చాలాకాలం బతికిన రచయితల భాగాలకు మాత్రం అనుమతి కావాలి. ఆ కొన్నిటి కోసం మొత్తం పత్రికకు తాళం వేయడం సరికాదు.

పాఠాన్ని దిద్దేదెవరన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా ఒక దారి చూపింది. ఆ దేశపు జాతీయ గ్రంథాలయం ట్రోవ్ అనే తన వెబ్‌సైటులో పాత పత్రికల పుటను, యంత్రం చదివిన తప్పుల పాఠాన్ని పక్కపక్కనే పెట్టి, ఎవరైనా దిద్దవచ్చని తలుపులు తెరిచింది. తమ ఊరి పత్రికలో తాతల పేర్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కోట్ల వరసలు దిద్దారు. తెలుగు వికీసోర్స్‌లో పుట బొమ్మ పక్కన పాఠం పెట్టి ఇద్దరు సరిచూసే పద్ధతి ఇప్పటికే ఉంది. దాన్ని పుస్తకాలకు వాడుతున్నారు. వారపత్రిక సంచికకు ఇది ఇంకా బాగా సరిపోతుంది, ఎందుకంటే ముక్కలు చిన్నవి, ఒక సాయంత్రం ఒక ధరల పట్టిక దిద్దవచ్చు. అరసున్నలు, బండిరలు తడుముకోకుండా చదవగల పెద్దవాళ్లు బందరు, గుడివాడ, తెనాలి వంటి ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ చదువరులు కూడా కాగితంలాగే ఏటా తగ్గిపోతున్నారు.

అన్నిటికన్నా ముందు కావలసిన పని చవకైనది, యంత్రం అక్కర్లేనిది. అది లేని సంచికల జాబితా. 1902 నుంచి 1945 దాకా ప్రతి పక్షానికి, ప్రతి వారానికి ఒక గడి గీసి, ఏ సంచిక ఎక్కడ కాగితంగా ఉంది, ఎక్కడ ఫిల్ముగా ఉంది, ఎక్కడ బొమ్మగా ఉంది, ఏది ఎక్కడా లేదు అని నింపాలి. ఇప్పుడు ఖాళీ ఉందన్న సంగతే చదువరికి తెలియదు. ఒక నెల సంచికలు లేకపోతే ఆ నెలలో బందరులో ఏమీ జరగలేదనుకుంటాడు. ఖాళీ గడి కనిపిస్తే వెతికేవాళ్లు పుడతారు. పాత వకీళ్ల ఇళ్లలో, డెల్టా గ్రామాల మేడల మీది గదుల్లో, ఆనాటి పఠనమందిరాల బీరువాల్లో తాడు కట్టి పెట్టిన కట్టలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. వాటిని తీసుకొచ్చినవారికి ఏ గడి నిండిందో చూపించడానికి ఆ జాబితా ఊరి గ్రంథాలయం గోడ మీద ఒకటి, తెర మీద ఒకటి ఉండాలి.